రెండు తెలుగు పేర్లు చూడ్డానికి ఒకేలా ఉన్నా పైథాన్‌లో ఫాల్స్ వస్తోంది, ఎందుకు?

రెండు ఎక్సెల్ షీట్లలోని పేర్లు పోలుస్తున్నానని, స్ట్రిప్‌తో మొదటా చివరా ఖాళీలు తీసేసినా కొన్నిటికి ఫాల్సే వస్తోందని రాశారు. కోడ్ పంపారు కాబట్టి చెప్తున్నా, దాంట్లో తప్పేం లేదు. డేటానే అనుమానించండి.

నలుగురు నాలుగు కీబోర్డులతో టైప్ చేసిన జాబితాలను కలపడం నాకు రోజూ ఉండే పనే. పేచీ పెట్టిన పదానికి ముందు లెన్ (పొడవు) చూస్తాను. 'ఫైల్' అనే పదానికి 4 రావాలి: ఫ, ఐత్వం, ల, పొల్లు. కంటికి రెండే అక్షరాలు, కానీ పైథాన్ లెక్కపెట్టేది యూనికోడ్‌లో ఒక్కో గుర్తుకూ ఉండే నంబర్లను, అంటే కోడ్‌పాయింట్లను. ఒక షీట్‌లో 4, ఇంకోదాంట్లో 5 వచ్చిందా, కనిపించనిదేదో దూరింది. ప్రింట్ చేస్తే అది బయటపడదు. ఆస్కీ ఫంక్షన్‌కి ఇవ్వండి, ప్రతి తెలుగు కోడ్‌పాయింటూ నంబరుతో సహా కనిపిస్తుంది.

చివర 200సి అనే నంబరు ఉంటే అది జీరో విడ్త్ నాన్ జాయినర్. పొల్లు తర్వాత వచ్చే అక్షరం వత్తుగా మారిపోకుండా చాలా కీబోర్డులు దీన్ని పెడతాయి. స్ట్రిప్ తీసేది ఖాళీలను మాత్రమే. యూనికోడ్ ప్రకారం ఇది ఖాళీ కాదు, ఫార్మాట్ క్యారెక్టర్. అందుకే దాన్ని ముట్టుకోదు.

200సి లేకుండానే 5 వస్తే ఐత్వం చూడండి. 0సి48 ఉండాల్సిన చోట 0సి46, 0సి56 అని రెండు ముక్కలుగా ఉంటుంది. యూనికోడ్ దృష్టిలో రెండూ సమానమే, పైథాన్ పోలికకు మాత్రం కాదు. యూనికోడ్‌డేటా మాడ్యూల్‌లోని నార్మలైజ్‌కి ఎన్‌ఎఫ్‌సీ (విడి ముక్కలను ఒకటిగా కలిపే రూపం) ఇస్తే కలిసిపోతాయి. కానీ ఎన్‌ఎఫ్‌సీ 200సిని తీసేయదు, దానికి విడిగా రీప్లేస్ రాయాల్సిందే.

ఒక్క జాగ్రత్త. ఈ శుభ్రం అసలు కాలమ్‌లో చేయకండి. 200సి పోతే 'ఫైల్‌లో' కాస్తా 'ఫైల్లో' అయి కూర్చుంటుంది. పోల్చడానికి వేరే కీ కాలమ్ పెట్టుకుని, రీప్లేస్, ఎన్‌ఎఫ్‌సీ, స్ట్రిప్ అన్నీ దాని మీదే నడపండి. స్ట్రిప్ చివర్లో ఉండాలి, ఎందుకంటే 200సి వెనకాల నక్కిన ఖాళీ అది పోయాకే దొరుకుతుంది.

షీట్‌ను సీఎస్‌వీగా మార్చి చదువుతుంటే, మొదటి కాలమ్ పేరు ఒక్కటే దొరకట్లేదంటే అది ఇంకో తంటా, ఫైల్ మొదట్లో బీఓఎం (ఎన్‌కోడింగ్‌ను సూచించే కనిపించని గుర్తు) ఉంది. ఎన్‌కోడింగ్ యూటీఎఫ్-8-సిగ్ అని ఇస్తే సరి.

ఇవన్నీ చేశాక కూడా మిగిలేవి 'రమేశ్', 'రమేష్' లాంటివి. వాటిని కూర్చుని కళ్లతో చూసుకోవడమే.