నీ దారిలో నాపరాయి ఏదమ్మా?

బ్రాడీపేట, గుంటూరు

చిరంజీవి అమ్మాయికి, ఆశీస్సులు.

నీ వ్యాసం శుక్రవారం అందింది. రెండుసార్లు చదివాను. మొదటిసారి ఊరికే, రెండోసారి పెన్సిల్ పట్టుకుని. కారంపూడి అవతల కొండల్లో ఆ పల్లె చుట్టూ మూడు రోజులు కాలినడకన తిరిగి రాశావంటే ముచ్చటేసింది. మా రోజుల్లో చాలామందిమి కొండల మీద కథలన్నీ కుర్చీలో కూర్చునే రాశాం.

నచ్చనిది ముందే చెప్పేస్తాను. అందులో ఊరి పేరు కొట్టేసి అరకు అని పెడితే ఒక్క వాక్యం కూడా మార్చక్కర్లేదు. పచ్చని తివాచీ, ప్రకృతి ఒడి, మంచు దుప్పటి. పల్నాటికి మంచు దుప్పటి ఏమిటమ్మా? మన దగ్గర ఎండలంటే ముందు గుర్తొచ్చే రెంటచింతల ఆ సీమలోనే ఉంది.

అయితే ఆరో పేజీ మధ్యలో ఒక మాట ఉంది. నువ్వు దాన్ని పెద్దగా పట్టించుకున్నట్టు లేదు. మేకలు కాసే తాత నీ చేతిలో సీసా చూసి, "ఆ నీళ్లు దొన దాకా కూడా రావు తల్లీ" అన్నాడని (దొనంటే కొండ రాతిలో నీళ్లు నిలిచే గుంట) రాసి, వెంటనే సూర్యాస్తమయంలోకి వెళ్లిపోయావు. వ్యాసం మొత్తం అక్కడే ఉంది. మిగతా పది పేజీలూ ఆ మాట కోసం మళ్లీ రాయాలి.

ఎందుకో చెబుతాను. నువ్వు మొగల్రాజపురం కొండల పక్కన పెరిగినదానివి. బెజవాడలో కొండంటే మెట్లు, మెట్ల పక్కన ఇళ్లు. వాన పడితే నీళ్లు మెట్ల మీదుగా దూకి రోడ్డు మీదికొస్తాయి, అందరికీ కనిపిస్తాయి. పల్నాటి రాయి అలాంటిది కాదు, అది సున్నపురాయి. వాన నీటిలో గాలి నుంచీ మట్టి నుంచీ బొగ్గుపులుసు వాయువు కలిసి నీరు కాస్త పులుపెక్కుతుంది. ఆ పులుపుకి సున్నపురాయి కరుగుతుంది. ఏడాదికి కరిగేది కంటికి ఆనదు. వేల ఏళ్లు కరిగితే మాత్రం వెంట్రుకంత పగులు చెయ్యి పట్టే సందవుతుంది, సందు బిలమవుతుంది. పైన పడ్డ నీరు ఆ సందుల్లోంచి లోపలికి దిగిపోతుంది. అందుకే పైన గొంతు తడుపుకోడానికి చుక్క దొరకని చోట, కింద గుహలో నీళ్లుంటాయి. గుత్తికొండ బిలంలోకి దిగి చూశావు కదా, లోపల చీకట్లో నీళ్లు. పురాణాల్లోని ముచికుందుడనే రాజు నిద్రపోయిన గుహ అదేనని అక్కడివాళ్ల నమ్మకం. తొలి ఏకాదశికి జనం వచ్చి ఆ నీళ్లలోనే స్నానం చేస్తారు. నువ్వు దాని గురించి "అద్భుతమైన గుహ" అని రెండు మాటల్లో తేల్చేశావు.

ఇప్పుడు తాత మాట మళ్లీ చదువు. నీళ్లు కిందికి పోయే కొండ మీద రాతి గుంటలో నాలుగు బిందెల నీరు నిలిచే చోటు ఎక్కడుందో ఆయనకు తెలుసు. ఆయన దారి ఆ దొన మీదుగానే పోతుంది. నీకు వంకరగా, చుట్టుతిరుగుడుగా కనిపించిన ఆ బాట (నాలుగో పేజీలో "అర్థంలేని మలుపులు" అన్నావు, నాకు కోపమొచ్చింది) నీటి చోట్లను ఒకదానికొకటి కలుపుకుంటూ పోతోందేమో. అదేమీ చూడకుండా దాన్ని ట్రెక్కింగ్ రూట్ అంటే ఎలా?

పల్నాటి పల్లెల మీద ఒక పాత చాటువుంది. మీ తాతగారికి నోటికొచ్చే ఉంటుంది, అడుగు. నాగులేటి నీళ్లనూ నాపరాళ్లనూ (అవీ సున్నపురాయి పలకలే) ఆ కవి పక్కపక్కనే పెట్టాడు. ఆయన వెక్కిరింతకే రాసి ఉండొచ్చు. కానీ చూడాల్సింది చూశాడు.

నాకూ ఈ దెబ్బ తగిలింది. పాతికేళ్లప్పుడు ఒక వారపత్రికలో కథ రాశాను. మాచర్ల వైపు కొండ మీంచి గలగలా పారే సెలయేరు, దాని ఒడ్డున నాయిక. ఎండాకాలం కథ! పది రోజులకు పోస్టుకార్డు వచ్చింది. "అయ్యా, మా కొండ మీదికి వైశాఖంలో ఏరు తెచ్చినందుకు సంతోషం. దయచేసి మా చేలదాకా కూడా పారించండి." కింద సంతకం లేదు. ఆ కార్డు చాలా ఏళ్లు నా బల్ల మీద అద్దం కింద ఉంది.

ఆ తర్వాతే నడవడం మొదలుపెట్టాను. మొదట్లో తప్పిపోయాను కూడా. ఊరి చివర డొంక ఉంటుంది, ట్రాక్టర్లు పోయేంత వెడల్పు. చేలు అయిపోయాక అది సన్నబడి కాలిబాటవుతుంది. కొండ ఎక్కుతుంటే అదే నాలుగు చీలికలవుతుంది. ఏది మనుషులది, ఏది మేకలది? మేకల దారి పొద కిందికి దూరుతుంది. మోకాలి ఎత్తులో ఖాళీ ఉంటుంది, పైన బలుసు ముళ్లు మొహానికి తగులుతాయి. మనిషి దారిలో భుజం ఎత్తులో కొమ్మలు నరికి ఉంటాయి, నరికిన చోట మొద్దు కనిపిస్తుంది. ఇంకో గుర్తు కాళ్ల కిందే ఉంది. తరాలుగా అడుగులు పడిన చోట సున్నపురాయి మైనం రుద్దినట్టు నునుపుదేలుతుంది. ఆ నునుపు వెంట పోతే ఊరో గుడో నీళ్లో తప్పకుండా వస్తాయి. వానాకాలంలో జారి పడేదీ దాని మీదే. నేను పడ్డాను, ఎడమ మణికట్టు ఇప్పటికీ మబ్బు పడితే చెబుతుంది.

ఇలాంటివి నీ నోట్‌బుక్కులో ఉండాలి. ఫోన్లో ఫొటోలు తీశానంటావు. ఫొటోలో నునుపు తెలియదు, చెయ్యి పెట్టి చూడాలి. ఒక నిమ్మకాయ కూడా జేబులో వేసుకో. రాయిని గీకి ఆ పొడి మీద పిండితే సన్నగా బుడగలొస్తాయి. సున్నపురాయి అని నీకు నువ్వు తెలుసుకుని రాసిన వాక్యానికి బరువే వేరు.

పేర్లు కూడా అక్కడివాళ్ల నోట విన్నవే రాయి. నువ్వు "లోయ" అన్నదాన్ని వాళ్లు ఏమన్నారు? కనుమ అన్నారా, గండి అన్నారా? "చిన్న కొలను" అన్నావే, అది దొనేనా లేక ఇసుకలో తవ్విన చెలమా? రెండూ ఒకటి కావు. ఒకటి రాయి దాచిన నీరు, ఇంకోటి మనిషి తవ్వి తీసిన నీరు.

ఒక జాగ్రత్త. నేను చెప్పానని సున్నపురాయి చరిత్రంతా కుక్కకు. పిడుగురాళ్ల సున్నపు బట్టీలు, దాచేపల్లి సిమెంటు, పాలరాయి అని పేరుపడ్డ అమరావతి శిల్పాలు నిజానికి పల్నాటి సున్నపురాయే కావడం, ఇవన్నీ నిజమే, ఇవన్నీ నాకూ ఇష్టమే. నీ దారిలో నీకు ఎదురైనది ఒక్కటే ఉంచు. ఆ ఊళ్లో ఇంటి అరుగుకు పరిచిన నాపరాళ్ల మీద కూర్చుని మజ్జిగ తాగానన్నావు. అది చాలు. ఆ రాయి చల్లగా ఉందా, కాలిందా? అది రాయలేదు నువ్వు.

అడవి శాఖ హద్దు ఉన్నచోట అనుమతి తీసుకో. లైటు లేకుండా ఏ బిలంలోకీ దిగకు. ఈ రెండూ మీ అమ్మ చెప్పమంది.

పై ఆదివారం వీలైతే గుంటూరులో మాచర్ల రైలెక్కి పిడుగురాళ్లలో దిగు, అక్కడ కారంపూడి బస్సు దొరుకుతుంది. తాత కనిపిస్తే దొన ఎక్కడో అడిగి, ఆయన వెనకాల అక్కడిదాకా నడిచి రా. ఈసారి రెండు సీసాలు పట్టుకెళ్లు.

ఇట్లు,
నీ మాస్టారు