అల్లుడూ, మొదట చక్రాలు మార్చు, స్ప్రింగుల జోలికి తర్వాత పోదువు

అల్లుడికి,

మహబూబ్‌నగర్ నుంచి మీ మామ రాసేది. మొన్న మీ అమ్మ ఫోన్ చేసింది. "వాడు స్విఫ్ట్‌ను నేలకు ఆనించే పనిలో ఉన్నాడు, నువ్వు చెప్తేనే వింటాడు" అంది. వద్దని చెప్పమని ఆమె ఉద్దేశం. నేను పూర్తిగా వద్దనను. ముప్పై ఏళ్లు కార్ల కింద పడుకున్నవాడిని, ఆ సరదా నాకూ తెలుసు. ఫోన్‌లో అయితే సగం విని "సరే మామా" అంటావు కాబట్టి రాసి పంపుతున్నా.

నువ్వు పంపిన ఫొటో చూశా. నీకు నచ్చనిది టైరుకీ పైనున్న మడ్‌గార్డుకీ మధ్య ఖాళీ. 16 అంగుళాల చక్రం వేస్తే అది నిండుతుందనుకుంటున్నావు. నిండదు. నీ స్విఫ్ట్ వీఎక్స్ఐ మోడల్‌కు కంపెనీ ఇచ్చింది 165/80 ఆర్14. అంటే టైరు వెడల్పు 165 మిల్లీమీటర్లు, పక్క రబ్బరు గోడ ఎత్తు అందులో 80 శాతం, రిమ్ము 14 అంగుళాలు. ఆ టైరు మొత్తం ఎత్తు దాదాపు 620 మిల్లీమీటర్లు. 195/55 ఆర్16 వేస్తే 621. రిమ్ము పెరిగింది, ఆ మేరకు రబ్బరు గోడ 132 నుంచి 107కి తగ్గింది, అంతే. ఎత్తు అలా కలవాలి కూడా. లేకపోతే స్పీడోమీటరు తప్పు చూపిస్తుంది, కిలోమీటర్ల లెక్కా తప్పుతుంది. ఖాళీ మాత్రం ఉన్నచోటే ఉంటుంది. పెద్ద చక్రాలు వేయించుకున్న పిల్లలు నెల తిరక్కముందే మళ్లీ వచ్చి "అన్నా, కొంచెం దించు" అనేది అందుకే.

గుంతలో పడ్డప్పుడు దెబ్బను ముందు మింగేది ఆ రబ్బరు గోడ, తర్వాత స్ప్రింగు. చక్రం పెద్దది చేసి గోడను తగ్గించావు. బండి దించి స్ప్రింగు కదిలే చోటునూ తగ్గించావు. ఇక దెబ్బ తినడానికి మిగిలింది రిమ్మూ, నీ నడుమూ.

నన్నడిగితే నీకు 15 చాలు. నీదానికంటే పై మోడల్ జెడ్ఎక్స్ఐకి కంపెనీయే 185/65 ఆర్15 ఇస్తుంది. ఎత్తు అదే 621, గోడ 120, వెడల్పు కూడా పెరుగుతుంది కాబట్టి బండి నిండుగా కనిపిస్తుంది. జెడ్ఎక్స్ఐ కొన్నవాళ్లు ఇంకా పెద్దవి వేయించుకుని అమ్మేసిన సెట్లు పాతవి దొరుకుతుంటాయి. కొనేముందు ఒక్కో రిమ్మునూ బ్యాలెన్సింగ్ మిషన్ మీద తిప్పించి వంకర ఉందేమో చూడు. వెల్డింగ్ పడ్డ రిమ్మును ఊరికే ఇచ్చినా ఇంటికి తేకు.

లేదు, 16 కావాల్సిందే అంటావా, 195/55 దగ్గర ఆగు. 17 గురించి నన్ను అడగనే వద్దు. షాపువాడు "అన్నీ సరిపోతాయి" అంటాడు. నువ్వు నాలుగు సంగతులు చూసుకో. నట్ల రంధ్రాలు నాలుగు, అవి ఉన్న వృత్తం వ్యాసం 100 మి.మీ. ఉండాలి. నీ బండి హబ్, అంటే రిమ్ము నడుమ రంధ్రంలో కూర్చునే గుండ్రటి భాగం, 54.1 మి.మీ., బయట దొరికే రిమ్ములకు నడుమ రంధ్రం దానికంటే పెద్దగా ఉంటుంది. ఆ తేడాకు హబ్ రింగు వేయించు. అది లేకుండా బిగిస్తే 80 దాటగానే స్టీరింగ్ వణుకుతుంది, నువ్వేమో నెలకోసారి బ్యాలెన్సింగ్‌కు డబ్బులు పోస్తుంటావు. రిమ్ము మీద ఈటీ అని ఒక నంబరు ఉంటుంది. పాత రిమ్ము నంబరుకు దగ్గరగా ఉన్నదే తీసుకో. అది మరీ తగ్గితే టైరు బయటికి వచ్చి మడ్‌గార్డు అంచును కోసుకుంటుంది, పెరిగితే లోపల షాక్‌అబ్జార్బర్‌కు తగులుతుంది. ఇక టైరు మీది లోడ్ నంబరు. నీ పాత టైర్ల మీద 85 ఉంటే ఒక్కో టైరు 515 కిలోలు మోస్తుందని అర్థం. కొత్తది అంతకు తక్కువ ఉండకూడదు. రిమ్మును చేత్తో ఎత్తి కూడా చూడు, బరువైంది వేస్తే పికప్ పోతుంది. బిగించాక 100 కిలోమీటర్లు తిరిగి నట్లు మళ్లీ ఒకసారి పానా పెట్టి చూడాలి. ఈ చివరి పని ఎవరూ చేయరు.

ఇప్పుడు దించే సంగతి. స్ప్రింగు కోయించడం మాత్రం వద్దు. ఆ పాపం నేనూ చేశా. కుర్రతనంలో, నేను పనిచేసే షెడ్డుకు ఒక కాంట్రాక్టరు కొడుకు మారుతి 800 తెచ్చి దించమన్నాడు. హ్యాక్సా బ్లేడుతో ముందు స్ప్రింగులు చెరో చుట్టున్నర కోసేశా. నిలబెడితే బాగానే ఉంది. జడ్చర్ల దాకా కూడా పోలేదు. ఒక గుంత దాటి చక్రం కిందికి జారగానే పొట్టి స్ప్రింగు కప్పులోంచి తప్పుకుంది, బరువు మళ్లీ పడేసరికి అడ్డంగా కూర్చుంది. టకటకలాడుతూ బండి వెనక్కి తెచ్చాడు. తిట్టలేదు, పాత స్ప్రింగులు తిరిగి పెట్టేయమన్నాడు. ఏవి పెట్టాలి? ముక్కలు మూలన పడున్నాయి. కొత్తవి నా జీతంలోంచే కొన్నా. కోసిన స్ప్రింగు గట్టిపడుతుంది కూడా, షాక్‌అబ్జార్బర్ దాన్ని ఆపలేక తొందరగా కారిపోతుంది. గ్యాస్ మంటతో వేడిచేసి కుంగదీసేవాళ్ల దగ్గరికైతే అసలే పోకు, ఉక్కులో పదును చచ్చిపోతుంది.

దించాలంటే నీ మోడల్‌కే చేసిన పొట్టి స్ప్రింగుల సెట్టు, అదీ 25 మి.మీ. మించకుండా. పాతవి జాగ్రత్తగా దాచు. వేసిన రోజే అలైన్‌మెంట్ చేయించు. ముందు చక్రాలు తలలు లోపలికి వాలతాయి, టో, అంటే చక్రాలు సూటిగా ముందుకు చూసే కోణం, మారుతుంది, చూడకుండా తిరిగితే టైరు లోపలి అంచు అరిగి వైర్లు తేలేదాకా నీకు తెలియదు. హెడ్‌లైట్లు కూడా సరిచేయించు.

అయినా నువ్వు తిరిగేది ఎక్కడ? వారానికి రెండుసార్లు నల్గొండ నుంచి దేవరకొండ. స్విఫ్ట్ గ్రౌండ్ క్లియరెన్స్ 163 మి.మీ., నువ్వు దించితే 138. అదీ ఖాళీ బండికి. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ లెక్కలో స్పీడ్ బ్రేకర్ 10 సెంటీమీటర్ల ఎత్తు, 3.7 మీటర్ల వెడల్పు ఉండాలి. యాక్సిడెంట్ అయిన మర్నాడు ఊరివాళ్లు తట్టలతో పోసిన దానికి ఆ కొలతలు ఎవరు చూశారు? యాసంగి కోతలప్పుడు సగం రోడ్డు మీద వడ్లు, వాటి అంచున రాళ్ల వరస. ఎదురుగా లారీ వస్తే నువ్వు మట్టిలోకి దిగాల్సిందే. తిరిగి తారు అంచు ఎక్కేటప్పుడు ముందు బంపరు, ఆయిల్ ఛాంబర్ గీసుకుంటాయి. ఛాంబర్ పగిలి ఆయిల్ పోయింది చూసుకోకుండా నడిపితే ఇంజన్ పట్టేస్తుంది.

చట్టం సంగతీ తెలుసుకో. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్, ఆర్సీలోని వివరాలు కంపెనీ ఇచ్చిన వాటికి తేడా వచ్చేలా బండిని మార్చొద్దంటుంది. 2019 సవరణలో వచ్చిన 182ఏ కింద, అనుమతి లేని ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా గానీ, ఆరు నెలల దాకా జైలు గానీ, రెండూ గానీ పడొచ్చు. ఏం మార్చినా ఇన్సూరెన్స్ వాళ్లకు రాసి పంపు, క్లెయిమ్ రోజు వాదన ఉండదు.

మొదట చక్రాలు మాత్రం మార్చి రెండు నెలలు తిరుగు. తర్వాత ఒక ఆదివారం బావనూ, అక్కనూ, ఇంకో ఇద్దరినీ ఎక్కించి, డిక్కీలో ఒక వడ్ల బస్తా వేసి, బండిని చదునైన చోట ఆపి, ఇంజన్ కింద నేలకు ఎంత ఖాళీ ఉందో టేపు పెట్టి కొలువు. స్టీరింగ్ రెండు వైపులా పూర్తిగా తిప్పి టైరు ఎక్కడైనా తగులుతోందేమో చూడు. ఆ కొలత నాకు పంపు. అందులోంచి 25 తీసేసి, దేవరకొండ రోడ్డు మీది స్పీడ్ బ్రేకర్లు గుర్తుచేసుకుని అప్పుడు మాట్లాడదాం.

ఇట్లు,
మీ మామ

పాత టైర్లు అమ్మేయకు. స్టెప్నీకి ఒకటి ఉంచుకుని మిగతావి నాకు పంపు, షెడ్డులో పనికొస్తాయి.