ఏడో తరగతి పిల్లాడిని హైస్కూల్ కబడ్డీ టీమ్‌లో ఆడనివ్వొచ్చా?

మీ ప్రశ్న చదివానండి. బాబు కావలి దగ్గర జడ్పీ హైస్కూల్లో ఏడో తరగతి. పీఈటీ సార్ తొమ్మిది, పది తరగతుల పిల్లల కబడ్డీ టీమ్‌లో ఆడిస్తానన్నారు. వాడు గంతులేస్తున్నాడు, మీవారు సరేనన్నారు, మీకేమో భయంగా ఉంది. నా మాట అడిగితే ఈ ఏడాది ప్రాక్టీస్‌కి మాత్రం పంపండి, మ్యాచ్‌లకి వద్దు. ఇదే ఖోఖో అయితే ఇంత ఆలోచించకుండా పంపించెయ్యమనేవాణ్ణి.

కబడ్డీ, ఖోఖో రెండింటి అనుభవమూ మా ఇంట్లో ఉంది. నేను ఒంగోలు దగ్గర పల్లెటూళ్ళో చదివాను. ఏడో తరగతిలో ఉండగానే పదో తరగతి అన్నలతో కబడ్డీ ఆడాను. సన్నగా ఉండేవాణ్ణి, కాళ్ళు మాత్రం చురుకు. బోనస్ లైన్ దాటి అదనపు పాయింటుతో వెనక్కి రావడానికి నన్ను కూతకి పంపేవారు. అవతల ఆరుగురో ఏడుగురో ఉంటేనే బోనస్ లెక్క కాబట్టి, ఎప్పుడూ నిండు కోర్టులోకే వెళ్ళాలి. మొదట్లో భలేగా ఉండేది. ఒక పోటీలో అవతలి జట్టులో మూలన నిలబడే కార్నర్ ఆటగాడు నా మడమ దొరకబుచ్చుకున్నాడు, అప్పటికే మీసం వచ్చినవాడు. నేను ముందుకు పడ్డాను. మీద ఒకడు, వాడి మీద ఇంకొకడు. పళ్ళ మధ్య ఇసుక కరకరలాడటం, కూత ఇంకా ఆపకుండా "కబడ్డీ కబడ్డీ" అంటూనే ఉండటం నాకు బాగా గుర్తు. లేచాక కుడి చెయ్యి పైకి రాలేదు, కంటె ఎముక (కాలర్ బోన్) విరిగింది. పుత్తూరు కట్టు కట్టించారు, అతుక్కుంది. ఫౌల్ ఏమీ జరగలేదు, సార్‌దీ తప్పు లేదు. అవతలి అబ్బాయి పట్టింది మంచి పట్టు. నా ఒంటికి అంత బరువు మొయ్యగల వయసు రాలేదు, అంతే.

మా వైపు సంక్రాంతికి, తిరునాళ్ళకి గిత్తల బండలాగుడు పందేలు పెడతారు కదా. అక్కడ గిత్త ఎప్పుడు పుట్టిందో కాగితం చూపించమని ఎవరూ అడగరు, నోరు తెరిచి పళ్ళు చూస్తారు. పాలపళ్ళవి ఒక విభాగం, రెండు పళ్ళవి, నాలుగు పళ్ళవి, ఆరు పళ్ళవి వేరు వేరు, ఆపైన సీనియర్లు. విభాగాన్ని బట్టి బండ బరువూ మారుతుంది. పాలపళ్ళ జతను తెచ్చి సీనియర్ల బండకి కడితే చూడ్డానికి వచ్చినవాళ్ళే తిడతారు. పిల్లల దగ్గరికి వచ్చేసరికి స్టడీ సర్టిఫికెట్‌లో తేదీ చూసి ఊరుకుంటున్నాం.

స్కూల్ గేమ్స్‌లో పద్నాలుగు, పదిహేడు, పంతొమ్మిదేళ్ళ లోపు అని మూడు విభాగాలు ఉంటాయి. ఆ పేర్లు చెప్పేది పై హద్దు మాత్రమే. పదిహేడు లోపు అంటే పన్నెండేళ్ళవాడూ లోపే! కబడ్డీలో పిల్లల పోటీలకి వయసుతో పాటు బరువు హద్దు కూడా పెట్టి కాటా మీద తూస్తారు గానీ, అదీ పై హద్దే. బరువు ఎక్కువైన పిల్లాణ్ణి ఆపుతారు. మరీ తక్కువున్న పిల్లాణ్ణి కాటా ఆపదు, ఆపాల్సింది మనమే. పైగా పల్లెల్లో పుట్టిన తేదీలు ఎలా రాయించేవారో మనకి తెలియంది కాదు. బడిలో చేర్చేటప్పుడు ఏదో ఒక జూన్ తేదీ వేయించినవాళ్ళు ఎంతమంది లేరు? అవతలి టీమ్‌లో పదహారేళ్ళని కాగితంలో ఉన్న పిల్లాడికి నిజంగా పదహారేనా అన్నది దేవుడికే తెలియాలి.

మగపిల్లలు బాగా పొడవు సాగేది సుమారు పదమూడు, పద్నాలుగేళ్ళప్పుడు. కండ పట్టేది ఆ తర్వాతే. అందుకే ఏడో తరగతి పిల్లాడికీ పదో తరగతి పిల్లాడికీ మధ్య మూడేళ్ళే తేడా అయినా, ఒళ్ళు చూస్తే పిల్లాడూ మగాడూ అన్నట్టుంటుంది. ఎదిగే పిల్లల ఎముకల చివర గ్రోత్ ప్లేట్ అని ఇంకా గట్టిపడని భాగం ఉంటుంది. పెద్దవాళ్ళకి బెణుకుతో పోయే దెబ్బ పిల్లలకి అక్కడ పగులు కావచ్చు. బాబు మోకాలి చిప్ప కింద ఎముక ఉబ్బినట్టుండి, గెంతినప్పుడు నొప్పి అంటే "ఆటల్లో మామూలే" అని వదిలెయ్యకండి. ఎదిగే వయసులో గెంతే పిల్లలకి వచ్చే నొప్పే, చాలామందికి ఎదుగుదల ఆగాక పోతుంది. కానీ ఎముకల డాక్టర్ ఒకసారి చూసి ఆ మాట చెప్పాలి.

ఆడపిల్లల లెక్క వేరు. వాళ్ళు రెండేళ్ళు ముందే ఎదుగుతారు. మా అన్నయ్య కూతురు ఏడో తరగతిలోనే పెద్ద క్లాసుల అమ్మాయిలతో ఖోఖో ఆడింది. పోల్ దగ్గరికొచ్చాక ఒంటి చేత్తో దాన్ని పట్టుకుని, ఒళ్ళంతా బయటికి వాల్చి, ముందు పరిగెత్తే అమ్మాయి జడ కొసని తాకేది. ఆ ఆటలో మీద పడి అణిచేవాళ్ళు ఉండరు. చిన్న ఒళ్ళు అక్కడ లాభమే కూడా. మా వదిన భయమంతా ప్రయాణాల గురించి. లేడీ టీచర్ వెంట వస్తేనే పంపేది, రాకపోతే లేదు. నాకది సబబుగానే అనిపించింది.

అమెరికాలో మిడిల్ స్కూల్, హైస్కూల్ వేరు వేరుగా ఉంటాయి కాబట్టి ఇదే ప్రశ్న వాళ్ళకి పెద్ద చర్చ. న్యూయార్క్ రాష్ట్రంలో ఏడు, ఎనిమిది తరగతుల పిల్లల్ని హైస్కూల్ టీమ్‌లోకి తీసుకోవాలంటే తల్లిదండ్రులు ఒప్పుకోవాలి, డాక్టర్ శరీరం ఎంతవరకు ఎదిగిందో చూడాలి, ఫిట్‌నెస్ పరీక్ష పాసవ్వాలి, కోచ్ ఆట చూసి సరేననాలి. మన జడ్పీ హైస్కూల్లో ఆరు నుంచి పది దాకా ఒకే కాంపౌండ్. సార్ విజిల్ వేసి "రారా" అంటే చేరిపోయినట్టే.

ఇంకోటి. పెద్ద టీమ్‌లోకి తీసుకుంటారు సరే, ఆడిస్తారా? కబడ్డీలో లోపల ఉండేది ఏడుగురు. చిన్నవాడు చాలాసార్లు బయట కూర్చుని నీళ్ళ సీసాలు అందిస్తుంటాడు, అన్నల బ్యాగులు మోస్తుంటాడు. అదే పద్నాలుగేళ్ళ లోపు టీమ్‌లో ఉంటే ప్రతి మ్యాచ్ వాడిదే, కెప్టెన్ కూడా కావచ్చు. అలాగని పెద్దవాళ్ళ పక్కన ఆడటం దండగ అనను. అవతలివాడి కళ్ళు కాదు, కాళ్ళు చూడాలని నాకు నేర్పింది ఆ అన్నలే. అందుకే ప్రాక్టీస్ మాన్పించొద్దంటున్నా. బూతులు కూడా వాళ్ళ దగ్గరే నేర్చుకున్నాననుకోండి, అది వేరే సంగతి.

సార్‌తో గొడవ పడకండి. మీ బాబులో ఆయనకి ఏదో కనిపించబట్టే పిలిచారు. ఎంట్రీ ఫారంలో ఏ విభాగం కింద పేరు రాస్తున్నారో అడగండి. పద్నాలుగేళ్ళ లోపు టీమ్ కూడా పెడుతున్నారా, పెడితే మీవాడు అందులో ఆడొచ్చా అని అడగండి. పెద్దవాళ్ళతో ప్రాక్టీస్‌లో పట్టు పట్టేటప్పుడు ఒకరికి మించి మీద పడకుండా చూడమనండి, ఏ సారైనా ఒప్పుకుంటారు. బాబు బరువెంతో, టీమ్‌లో మిగతా పిల్లల బరువులు సుమారుగా ఎంతో కనుక్కుని ఇక్కడే రాయండి. తేడా నేను అనుకున్నంత లేకపోతే నా సలహా మార్చుకుంటాను.