లూపస్, రుమటాయిడ్ ఉన్నవాళ్లకు చెవులు కూడా దెబ్బతింటాయా?

"మా అక్కకు లూపస్ ఉంది. ఈమధ్య ఫోన్లో మాటలు సరిగ్గా అర్థం కావడం లేదంటోంది. లూపస్ వల్లేనా, లేక మామూలు చెవి సమస్యా? ఎవరికి చూపించాలి?" అని అడిగారు.

లూపస్ అంటే శరీరం తన మీద తానే దాడి చేసుకునే జబ్బు. దాని వల్ల అయ్యే అవకాశం ఉందండీ, కొట్టిపారెయ్యకండి. నేను డాక్టర్ని కాను, తెనాలి దగ్గర ఒక ప్రభుత్వ హైస్కూల్లో తెలుగు టీచర్ని. అలాంటిదే అయిన రుమటాయిడ్ ఆర్థరైటిస్ అనే కీళ్ల జబ్బుతో చాలా ఏళ్లుగా వేగుతున్నాను. ఇప్పుడు రెండు చెవులకూ మిషన్లు పెట్టుకుని పాఠాలు చెబుతున్నాను.

నాకు మొదట తేడా తెలిసింది క్లాసులోనే. వెనక బెంచీ పిల్లలు జవాబు చెబుతుంటే గొంతు వినపడుతోంది, మాట మాత్రం విడివిడిగా తెలియడం లేదు. ముందు కుడి చెవి, కొన్ని వారాలకే ఎడమ చెవి కూడా. రాత్రిళ్లు చెవిలో ఒకటే ఈల. గుంటూరులో ఒక చెవి డాక్టరుకు చూపిస్తే గులిమి తీసి, చుక్కలు రాసి, "నలభై దాటాయి కదమ్మా, ఇవన్నీ మామూలే" అన్నారు. వయసు వల్ల వచ్చే చెవుడు ఏళ్ల తరబడి మెల్లగా ముదురుతుంది కానీ, దసరా సెలవులకీ సంక్రాంతి సెలవులకీ మధ్య రెండు చెవులూ పట్టుకుపోదు. అదే మాట ఆయనతో అని, వినికిడి పరీక్ష రాయమని పట్టుబట్టాను.

ఆ పరీక్ష గది చిన్న పెట్టెలా ఉంటుంది. తలుపు వేశాక ఫ్యాను చప్పుడు కూడా ఉండదు. తలకు హెడ్‌ఫోన్స్ పెట్టి, చేతికి బటన్ ఇచ్చి, బీప్ వినపడినప్పుడల్లా నొక్కమన్నారు. గాజు అవతల ఆడియాలజిస్టు, పాతికేళ్లు కూడా ఉండని అమ్మాయి, మీటలు తిప్పుతోంది. ఆమె చెయ్యి కదలడం కనపడుతోంది, నా చెవిలో మాత్రం ఏమీ లేదు. పైగా ఆ రోజు కీళ్లు బాగా బిగుసుకుని ఉన్నాయి, బొటనవేలితో బటన్ నొక్కడమే నరకంగా ఉంది. అది ఆ అమ్మాయి గమనించింది. తలుపు తీసి వచ్చి, "వేళ్లు అలా వాచాయేంటి మేడం?" అంది. రుమటాయిడ్ అని చెప్పాను. బటన్ తీసేసి, వినపడితే చెయ్యి ఎత్తమంది.

తర్వాత చెవి వెనక ఎముక మీద చిన్న పరికరం పెట్టి మళ్లీ అదే పరీక్ష చేసింది. ఆఖరున నోటికి అడ్డంగా కాగితం పెట్టుకుని ఒక్కో తెలుగు మాటా చదివి, తిరిగి చెప్పమంది. జీవితమంతా పిల్లలకు డిక్టేషన్ చెప్పినదాన్ని, ఆమె "తాత" అంటే "కాక" అన్నాను, "పాట" అంటే "పాప" అన్నాను. ఆమె సరిదిద్దలేదు, రాసుకుంటూ పోయింది.

రిపోర్టులో ఎర్ర సున్నాలు కుడి చెవివి, నీలం ఇంటూ మార్కులు ఎడమ చెవివి. రెండు గీతలూ కుడివైపుకి పోయేకొద్దీ కిందికి దిగిపోయాయి. ఎముక ద్వారా చూసినా అంతే, అంటే లోపం కర్ణభేరిలో కాదు, లోపలి చెవిలోనో నరంలోనో ఉందని అర్థం. "మీ కీళ్ల డాక్టరుకు ఈ రోజే ఇది చూపించండి మేడం" అని ఆ అమ్మాయే చీటీ మీద రాసిచ్చింది. చుక్కలు రాసిన పెద్ద డాక్టరుకు తట్టనిది వాచిన నా బొటనవేలు చూసి ఆ పిల్లకు తట్టింది. ఇప్పటికీ ఆ అమ్మాయికి మనసులో దండం పెట్టుకుంటాను.

ఇదేమీ కొత్తగా బయటపడిన సంగతి కాదు. శరీరం తన లోపలి చెవి మీద తానే దాడి చెయ్యగలదని, స్టెరాయిడ్ ఇస్తే వినికిడి మెరుగవుతుందని అమెరికాలోని అయోవాలో మెకేబ్ అనే డాక్టరు 1979లోనే రాశారు. లూపస్, రుమటాయిడ్, కళ్లూ నోరూ ఎండిపోయే షోగ్రెన్స్, కళ్లనూ చెవులనూ కలిపి పట్టే కోగన్ సిండ్రోమ్, ఇలా చాలా జబ్బుల్లో ఇది కనిపిస్తుంది. లోపలి చెవికి రక్తం తీసుకెళ్లేది ఒక్క సన్నటి రక్తనాళమే. అది వాచినా మూసుకుపోయినా రక్తం రావడానికి వేరే దారి లేదు. అందుకే ఆలస్యం పనికిరాదు.

నాకు కడుపు మండేది ఎక్కడంటే, ఈ జబ్బులకిచ్చే హైడ్రాక్సీక్లోరోక్విన్ మాత్ర వాడుతున్నామని కళ్ల పరీక్షకు గుర్తుచేసి మరీ పంపిస్తారు. లివర్ పరీక్ష చేయిస్తారు, కిడ్నీలు చూస్తారు. చెవుల గురించి ఒక్కరూ అడగరు. జబ్బు బయటపడిన రోజునే ఒక ఆడియోగ్రామ్, అంటే నాకు చేసిన ఆ వినికిడి పరీక్ష, తీసి ఫైల్లో పెట్టాలి, ఆ తర్వాత ఏడాదికోసారి తీయాలి. అరగంట పని, సూది లేదు, నొప్పి లేదు. నన్నడిగితే ఈ జబ్బులున్న చాలామందికి చెవి ఎంతో కొంత దెబ్బతినే ఉంటుంది, ఎవరూ పరీక్షించక బయటపడటం లేదంతే. మా కీళ్ల డాక్టరు వెయిటింగ్ హాల్లో కూర్చుని పక్కవాళ్లను పలకరించి చూడండి, మీకే తెలుస్తుంది.

నా విషయానికొస్తే, ఎక్కువ మోతాదులో ప్రెడ్నిసలోన్ అనే స్టెరాయిడ్ ఇచ్చి మెల్లగా తగ్గించుకుంటూ వచ్చారు, కర్ణభేరి గుండా లోపలికి ఇంజెక్షన్లు కూడా వేశారు. ఎడమ చెవి బాగానే తేరుకుంది. కుడి చెవి కొంత వచ్చి, మోతాదు తగ్గించేసరికి మళ్లీ జారిపోయింది. చాలామందికి ఇంతేనట. మొహం ఉబ్బి, షుగర్ పెరిగి, నిద్ర పట్టక నానా అవస్థ పడ్డాను, అయినా ఆ మందు వేసుకున్నందుకు నాకు చింత లేదు. "ఎలాగూ కీళ్లకు మెథోట్రెక్సేట్ మందు వాడుతున్నాం కదా, చెవిని అదే కాపాడుతుంది" అనుకోకండి. స్టెరాయిడ్‌తో వచ్చిన వినికిడిని అది నిలబెడుతుందేమోనని అమెరికాలో పరీక్షించి 2003లో ఫలితాలు ప్రకటించారు, మందు లేని ఉత్తి మాత్ర కంటే ఏమీ మెరుగ్గా పనిచెయ్యలేదు.

వైకల్యానికి ఇచ్చే సదరం సర్టిఫికెట్ సంగతి కూడా చెప్పాలి. 2016 వికలాంగుల హక్కుల చట్టం ప్రకారం రెండు చెవుల్లోనూ 60 డెసిబెల్స్ లోపం ఉంటేనే వినికిడి లోపం కింద లెక్క. మాలాంటి వాళ్లకు ఒక వారం బాగుంటుంది, ఒక వారం ఏమీ వినపడదు. బాగున్న రోజున పరీక్ష పడితే కాగితం మీద మేము ఆరోగ్యవంతులం.

ఇంట్లో వాళ్లకూ ఒక మాట. గట్టిగా అరిస్తే మాకు మాట ఇంకా చెదిరిపోతుంది. ఎదురుగా కూర్చుని, మొహం కనపడేలా, మామూలు గొంతుతో నిదానంగా మాట్లాడండి, టీవీ కట్టెయ్యండి. మళ్లీ అడిగినప్పుడు "ఏం లేదులే" అని వదిలెయ్యకండి. అందరూ నవ్వుతున్నప్పుడు ఏమిటని అడిగితే "ఏం లేదులే అమ్మా" అని నా కూతురే అన్నరోజు కీళ్ల నొప్పి కంటే ఎక్కువ బాధపడ్డాను.

ఇక మీ అక్కగారి విషయం. ఈ రోజే ఆమెకు ఫోన్ చేసి, ఒకసారి ఒక చెవికి, ఒకసారి రెండో చెవికి పెట్టుకుని వినమనండి. తేడా తెలిసినా, రెండు చెవుల్లోనూ మాట మసకగా ఉన్నా, కళ్లు తిరుగుతున్నా రేపు పొద్దున్నే చెవి డాక్టరు దగ్గర ఆడియోగ్రామ్ తీయించండి, లూపస్ ఉందన్న మాట ముందే చెప్పండి. మూడు రోజుల్లోపే వినికిడి ఉన్నట్టుండి తగ్గిపోతే అది ఎమర్జెన్సీ, స్టెరాయిడ్ మొదటి రెండు వారాల్లో మొదలుపెడితేనే ఎక్కువ ఉపయోగం. సొంతంగా మాత్రలు మాత్రం వేసుకోవద్దు, ఇప్పటికే వాడుతున్నవి ఆపొద్దు. రిపోర్టు రాగానే ఫొటో తీసి ఆమె లూపస్ డాక్టరుకు పంపండి, తర్వాతి అపాయింట్‌మెంట్ దాకా ఆగకండి.