మహబూబ్‌నగర్ నుంచి డాలస్‌కు వచ్చే అమ్మానాన్నలకు బిజినెస్ క్లాస్ తీయాలా, లాంజ్ ఉంటే చాలా?

మీ అమ్మానాన్నలు దుబాయ్ మీదుగా వస్తున్నారు, వాళ్లకు బిజినెస్ క్లాస్ తీయాలా, లేక మీ క్రెడిట్ కార్డు మీద లాంజ్ (ఎయిర్‌పోర్టులో కూర్చుని తిని సేదతీరే చోటు) ఉంటే చాలా అని కదా మీ ప్రశ్న. మాది జడ్చర్ల. మా అమ్మా నాయిన కూడా దుబాయ్ మీదుగానే డాలస్‌లో ఉన్న అక్క దగ్గరికి పోయి వచ్చారు, టికెట్లు నేనే తీశాను. లాంజ్ సంగతి తర్వాత, ముందు ఏ విమానంలో ఎంతసేపు కూర్చోవాలో చూడండి.

శంషాబాద్ నుంచి దుబాయ్‌కి సుమారు నాలుగు గంటలు. దానికి ఎకానమీ చాలు. దుబాయ్ నుంచి డాలస్ మాత్రం 16 గంటల దాకా పడుతుంది. డబ్బు పెట్టాల్సింది అక్కడ. ఒకే టికెట్‌లో మొదటి విమానం ఎకానమీ, రెండోది బిజినెస్ పెట్టుకోవచ్చు. వెబ్‌సైట్‌లో దొరక్కపోతే ఎయిర్‌లైన్‌కి ఫోన్ చేసి అడగండి. అంత బడ్జెట్ లేకపోతే ప్రీమియం ఎకానమీ (ఎకానమీకీ బిజినెస్‌కీ మధ్యలో ఉండే క్లాస్) ఉందేమో చూడండి. ఎకానమీలో వరసకూ వరసకూ మధ్య 31 నుంచి 34 అంగుళాలుంటే, ప్రీమియంలో 38 నుంచి 40 దాకా ఉంటుంది. సీటు ఇంకాస్త వెనక్కి వాలుతుంది. మా నాయిన మోకాళ్లకు అది బాగానే పనికొచ్చింది, కానీ నడుము వాల్చి పడుకుంటానంటే కుదరదు. అది బిజినెస్‌లోనే.

బిజినెస్ అనగానే లాంజ్ కూడా వస్తుందనుకోకండి. ఎమిరేట్స్‌లో ‘స్పెషల్’, ఖతర్ ఎయిర్‌వేస్‌లో ‘లైట్’ అని తక్కువ ధర బిజినెస్ ఫేర్లున్నాయి. సీటు అదే, లాంజ్ మాత్రం కలవదు. ప్రీమియం ఎకానమీకి మామూలుగా లాంజ్ ఉండదు.

ఇక క్రెడిట్ కార్డు మీద వచ్చే లాంజ్ సంగతి. అమెరికాలో మీ పేరు మీదున్న కార్డుతో శంషాబాద్‌లో వాళ్లను లాంజ్‌లోకి పంపలేరు. కార్డు ఎవరిదో వాళ్లే రావాలి, బోర్డింగ్ పాస్ మీదా అదే పేరుండాలి. ఇండియాలో ఇచ్చే కార్డులు చాలావాటికి డొమెస్టిక్ లాంజ్ మాత్రమే ఉంటుంది. అదీ అంతకుముందు మూడు నెలల్లో ఇంత ఖర్చు పెడితేనే అని షరతు. పైగా లాంజ్ ఉండేది సెక్యూరిటీ దాటాక. మనవాళ్లేమో ట్రాఫిక్ భయంతో ఇన్నోవా నిండా బంధువులతో ఐదారు గంటల ముందే వచ్చేస్తారు (నిజానికి 44వ హైవే మీద పోతే శంషాబాద్ సిటీ కంటే ముందే వస్తుంది). చెకిన్ కౌంటర్ తెరిచేదాకా ఎట్లాగూ బయట హాల్లో కూర్చోవాల్సిందే.

నా మాట వింటే లాంజ్ కంటే ముందు వీల్‌చైర్ పెట్టించండి. ఉచితం, 48 గంటల ముందు చెప్తే మంచిది. దుబాయ్‌లో గేటు ఎక్కడో ఉంటుంది, రైలెక్కి పోవాల్సి రావచ్చు. ఇంగ్లిష్ రాని పెద్దవాళ్లకు అదే పెద్ద టెన్షన్. చాలా లాంజ్‌లలో బోర్డింగ్ అనౌన్స్‌మెంట్ కూడా ఉండదు. మా నాయిన అక్కడి సోఫాలో కుదురుగా కూర్చున్నదే లేదు, పావుగంటకోసారి లేచి టీవీలో గేటు నంబర్ చూసుకుంటూనే ఉన్నాడు. వీల్‌చైర్ వాళ్లకు వేరే చోటుంటుంది, అక్కడి నుంచి గేటు దాకా సిబ్బందే తీసుకుపోతారు.

శాకాహారులైతే ఇండియన్ వెజిటేరియన్ మీల్ కనీసం 24 గంటల ముందే పెట్టండి. జొన్నరొట్టె చేతి సంచిలో పెట్టుకోవచ్చు. నూనె తేలే పచ్చడి మాత్రం చెకిన్ లగేజీలోనే.

మీ వాళ్లు దుబాయ్‌లో ఎన్ని గంటలు ఆగాలో రాయలేదు. ఐదారు గంటలు దాటితే చెప్పండి, అప్పుడు లాంజ్‌కి డబ్బు కట్టడం గురించి మళ్లీ ఆలోచించొచ్చు.