మాగాయ పళ్లెం, ‘నోటెడ్ సార్’

మేడమ్ గారికి నమస్కారం. నా వయసు 39. మాది నెల్లూరు. రెండేళ్ల కిందటి దాకా మూలాపేటలో మామగారు సొంత సంపాదనతో కట్టిన ఇంట్లో ఉండేవాళ్లం. ఆయన పోయాక ఆ ఇల్లు 66 లక్షలకి అమ్మి, ఇంకో 40 లక్షలు లోన్ తీసుకుని, పొదలకూరు రోడ్డు వైపు ఒక గేటెడ్ కమ్యూనిటీలో విల్లా కొన్నాం. ఇల్లు మా ఇద్దరి పేరు మీద ఉంది. కావలిలో ఉండే మా ఆడబిడ్డ వాటా అడక్కుండా సంతకం పెట్టింది. పిల్లలకి ఇక్కడ చాలా బాగుంది. పార్కు, షటిల్ కోర్టు, సైకిల్ తొక్కుకోవడానికి లోపలి రోడ్లు, చుట్టూ మా వయసు వాళ్లే. మా ఆయన ఉద్యోగం కృష్ణపట్నం వైపు. పొద్దున ఏడున్నరకి వెళ్తే రాత్రి ఎనిమిదిన్నరకి వస్తారు.

సమస్య అత్తగారితో. ఆవిడకి 71 ఏళ్లు. పది గంటలకల్లా గేటు దగ్గర సిమెంటు బెంచి మీద కూర్చుని సెక్యూరిటీ అతనితో, పనివాళ్లతో కబుర్లు. ఎందుకత్తా అంటే ‘ఆడైతే అరుగుండేది, ఈడ యాడ కూర్చునేది?’ అంటారు. మా ఆయన్ని చెప్పమంటే ‘నువ్వే చెప్పు’ అంటారు. పోయిన నెల మాగాయ ముక్కలు పళ్లెంలో పోసి పార్కు బెంచి మీద ఎండబెట్టారు. ఎవరో ఫోటో తీసి వాట్సాప్ గ్రూపులో పెట్టి ‘ఎవరిదో గమనించగలరు, ఇది పల్లెటూరు కాదు’ అని రాశారు. మా ఆయన దాని కింద ‘నోటెడ్ సార్’ అని పెట్టి, నాకు ఫోన్ చేసి ‘అమ్మకి నువ్వే చెప్పు’ అన్నారు. నాకు తల కొట్టేసినట్టయింది. ఆవిడతో ఏమీ అనకుండా పళ్లెం తెచ్చి వెనక వాష్ ఏరియాలో పెట్టాను. అక్కడ ఎండ రాదు. నాలుగో రోజుకి బూజు పట్టింది. ఆవిడ ఒక్క మాట అనలేదు. ముక్కలు పారబోసి, పళ్లెం కడిగి బోర్లించారు. అప్పటి నుంచి ముక్తసరిగా మాట్లాడుతున్నారు. ఏదడిగినా ‘మీ ఇల్లమ్మా, మీ ఇష్టం’ అంటారు. కొన్నాళ్లు కావలిలో ఉంచుదామా అంటే దానికీ మా ఆయన ‘నువ్వే చెప్పు’ అనే అంటున్నారు.

ఇలాంటి చోట ఎలా మెలగాలో ఆవిడకి అర్థమయ్యేలా ఎలా చెప్పాలి? కొన్నాళ్లు కావలి పంపితే తప్పా? టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు.

— ఒక సోదరి, నెల్లూరు

అమ్మా,

మీ మొదటి ప్రశ్న పక్కన పెట్టేయండి. అక్కడ ఎలా మెలగాలో మీ అత్తగారికి ఎవరూ చెప్పక్కర్లేదు. కాయలు తెప్పించి, చెక్కు తీసి, ముక్కలు తరిగి, ఉప్పూ పసుపూ కలిపి మూడు రోజులు జాడీలో ఊరబెట్టి, ఊట పిండి ఎండకి తెచ్చుకున్న ముక్కల్ని నోరు మెదపకుండా పారబోసింది ఆవిడ. ఆవిడకి ఇంకా ఏం అర్థం కావాలి?

గ్రూపులో ‘ఇది పల్లెటూరు కాదు’ అని రాసిన పెద్దమనిషి గురించి ఒక్క మాట అని వదిలేస్తాను. మీ విల్లాల కింద నేల నిన్నమొన్నటి దాకా ఎవరో ఒకరి పొలమే అయి ఉంటుంది. ఆ రాసినాయన వాళ్లమ్మ ఏ ఆత్మకూరులోనో, ఉదయగిరిలోనో ఈ పాటికి మిద్దె మీద మిరపకాయలు తిరగేస్తూ ఉంటుంది. ఆ జాడీ పచ్చడి ఈయన డబ్బాలో కట్టించుకుని వస్తాడు కూడా. పోనివ్వండి.

ఇప్పుడు అసలు సంగతి. మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. అందులో ‘నువ్వే చెప్పు’ అనే మాట మూడుసార్లు వచ్చింది. మీరు రాస్తూ గమనించారో లేదో. గేటు దగ్గర కూర్చోవద్దని నువ్వే చెప్పు. మాగాయ తీసేయమని నువ్వే చెప్పు. కావలి పొమ్మని నువ్వే చెప్పు. ఈ రెండేళ్లలో ఆయన తన తల్లితో నేరుగా ఒక మాట మాట్లాడినట్టు ఉత్తరంలో ఎక్కడా లేదు. ‘తిన్నావా అమ్మా’ అని అడిగినట్టు కూడా లేదు. మీ సమస్య అత్తగారితో అని మీరు రాశారు. నాకు కనబడుతున్నది కొడుక్కీ తల్లికీ మధ్య తెగిన మాట. ఆ తెగిన చోట మిమ్మల్ని ముడి వేసి ఆయన పోర్టు దారి పట్టారు.

ఆ ‘నోటెడ్ సార్’ నాకు ఇంకా మింగుడు పడటం లేదు. ఫోటోలో ఉన్నది ఆయన కన్నతల్లి పెట్టిన పళ్లెం. చిన్నప్పటి నుంచి ఆ చేతి మాగాయతోనే అన్నం తిని ఉంటారు. ఊరూ పేరూ లేకుండా ఎవరో నలుగురిలో ఎద్దేవా చేస్తే, ఈయన ఆఫీసులో పైవాడి మెయిలుకి జవాబిచ్చినట్టు నోటెడ్ సార్ అన్నారు. బెంచి అందరిదీ, అక్కడ పెట్టడం పొరపాటే, కాదనను. ‘ఆ పళ్లెం మా అమ్మది. బెంచి మీద పెట్టడం పొరపాటు, ఇకపై మా పోర్టికోలో పెట్టుకుంటాం. మాట మాత్రం మర్యాదగా రాయండి’ అని రాయడానికి ఒక నిమిషం పట్టదు. ఆ ఒక్క నిమిషం ఆయన తల్లి కోసం ఖర్చు పెట్టలేదు.

ఎందుకు పెట్టలేదో నాకు తోచింది చెబుతాను, కోపం తెచ్చుకోకండి. ఆయనకి తల్లి ముఖం చూడాలంటే ఇబ్బందిగా ఉంది. డబ్బు దగ్గర వచ్చిన ఇబ్బంది అది.

లెక్క చూద్దాం. మీ మామగారు వీలునామా రాశారని మీరు చెప్పలేదు. రాయకుండా పోతే ఆయన స్వార్జితం 1956 హిందూ వారసత్వ చట్టం ప్రకారం భార్యకి, కొడుక్కి, కూతురికి సమానంగా వస్తుంది. అంటే 66 లక్షల్లో మీ ఆయనది 22, మీ ఆడబిడ్డది 22, మీ అత్తగారిది 22. విల్లా మొత్తం కోటీ ఆరు లక్షలు. ఆ లెక్కన ఆ ఇంట్లో ప్రతి అయిదు ఇటుకల్లో ఒకటి ఆవిడది. కాగితం మీద మాత్రం ఆవిడ పేరు లేదు. అందుకే ‘మీ ఇల్లమ్మా’ అంటోంది. మీరు దాన్ని దెప్పిపొడుపు అనుకుంటున్నారు. ఆవిడ ఉన్నదున్నట్టు దస్తావేజు చదువుతోంది.

ఇక మీ ఆడబిడ్డ. 22 లక్షలు వదులుకుని సంతకం పెట్టిన మనిషి ఏమనుకుని పెట్టి ఉంటుంది? అమ్మని అన్న దగ్గర నిశ్చింతగా ఉంచవచ్చనే కదా. ఇప్పుడు ఆ వాటా మీ దగ్గర ఉంచుకుని అమ్మని ఆవిడ దగ్గరికి పంపుతామంటే, ఆవిడ పైకి సరేనంటుంది, తల్లి కాబట్టి. లోపల ఏమనుకుంటుందో మీకు నేను చెప్పాలా? మీరూ ఒకింటి ఆడపిల్లే. తల్లిదండ్రుల పోషణకి 2007లో చట్టం వచ్చింది, ఆర్డీఓ దగ్గర అర్జీ పెట్టుకోవచ్చు. మీ అత్తగారు ఆ మెట్లెక్కే మనిషి కాదు. అది మీ ఆయనకీ తెలుసు.

మీరు ఉన్న చోటు చెడ్డదని నేను అనడం లేదు. మూలాపేట సందుల్లో బండ్లు, కాలవలు, నెల్లూరు దోమలు, ఇవన్నీ నాకు తెలియనివి కావు. పిల్లలు భయం లేకుండా సైకిల్ తొక్కుతున్నారంటే సంతోషమే. అయితే ఇలాంటి చోట్లకి ‘ఫ్యామిలీలకి బాగుంటుంది’ అని పేరు. ఫ్యామిలీ అంటే ఎవరెవరో? పొద్దున పదకొండు గంటలకి ఒకసారి మీ వీధిలోకి వచ్చి నిలబడి చూడండి. కార్లు వెళ్లిపోయి ఉంటాయి, స్కూలు బస్సులు వెళ్లిపోయి ఉంటాయి. తలుపులన్నీ వేసి ఉంటాయి, లోపల ఏసీ చప్పుడు. బయట సెక్యూరిటీ అతను, అంట్లు తోమి వెళ్లే ఆడవాళ్లు, చెట్లకి నీళ్లు పట్టే తాత. ఆ వేళప్పుడు ఆవిడతో మాట్లాడే మనుషులు వాళ్లే. మూలాపేటలో అయితే అరుగు మీద కూర్చుంటే కూరగాయల బండి వచ్చేది, ఎదురింటావిడ వచ్చేది, సోమవారం నడిచి మూలస్థానేశ్వరుడి గుడికి వెళ్లేది. ఇప్పుడు గుడికి వెళ్లాలంటే కోడల్ని ఆటో బుక్ చేయమని అడగాలి. అడిగే మనిషిలా కనబడటం లేదు నాకు. రెండేళ్లలో ఆవిడ తనకోసం వెతుక్కున్నది ఒక సిమెంటు బెంచి. అదీ మీకు పరువు తక్కువైంది.

మిమ్మల్ని కూడా వదలను. పళ్లెం చాటుగా తీసి ఎండ రాని చోట పెట్టడం చెప్పడం కంటే అన్యాయం. ‘అత్తా, ఎవరో గ్రూపులో పెట్టారు, నాకు సిగ్గేసింది, మన పోర్టికోలోకి మారుద్దాం పట్టు’ అని ఉంటే ఆవిడ రెండు తిట్లు తిట్టి పళ్లెం రెండో చెవి పట్టుకునేది. మీరు పెట్టిన చోట ఎండ రాదని మీకు తెలుసు. నాలుగు రోజులు ఆ పళ్లెం పక్క నుంచే బట్టలు ఆరేయడానికి వెళ్లారు. ఆ ఒక్కదానికి మీరు క్షమాపణ చెప్పుకోవాలి, అది మీ ఆయన పని కాదు. ఇవాళే చెప్పండి. పెద్ద మాటలేం వద్దు. ‘ముక్కలు పాడు చేసింది నేనే అత్తా’ అంటే చాలు.

మిగతాదంతా ఆయన పని. ఇకనుంచి మీరు ఒక్క మాట కూడా మోయకండి. ‘అమ్మకి నువ్వే చెప్పు’ అన్నప్పుడు ‘మీ అమ్మకి మీరే చెప్పండి’ అని ఒక్కసారి అని ఊరుకోండి. ఆయన విసుక్కుంటారు. అలసిపోయి వచ్చానంటారు. ఇంట్లో రెండు మూడు రోజులు గిన్నెల చప్పుడు ఎక్కువవుతుంది. భరించండి. అక్కడి నుంచి మళ్లీ ఆవిడ మాట ఆయనకి కూడా చేరవేయకండి.

ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానంటే, ఆ రాయబారం నేను పద్దెనిమిదేళ్లు చేశాను. మాది ఒంగోలు, లాయర్‌పేట. మా అత్తగారు, మా ఆయన ఒకే కప్పు కింద ఉంటూ నా ద్వారా మాట్లాడుకునేవాళ్లు. మందులు వేసుకుందా అడుగు. వాడు జీతం తెచ్చాడా అడుగు. మంచి కోడలినని బంధువుల్లో నాకు పేరు కూడా వచ్చింది. ఆవిడ పోయిన పదకొండో రోజు రాత్రి మా ఆయన నా దగ్గరకొచ్చి ‘అమ్మ చివర్లో నా గురించి ఏమైనా అందా?’ అని అడిగారు. నేనేం చెప్పను? పాలలో ఎక్కువ చక్కెర వేయొద్దని చెప్పమంది, అంతే. అది చెప్పాను. ఆ మనిషి వంటింటి గడప మీద కూర్చుని ఏడవడం ఇప్పటికీ నా కళ్ల ముందు ఉంది. మధ్యలో నేను లేకపోతే వాళ్లు పోట్లాడుకుని అయినా మాట్లాడుకునేవాళ్లేమో.

మీ ఆయన ఏం చేయాలంటే, ముందు ఒక ఆదివారం మీరూ పిల్లలూ లేకుండా తల్లిని కారులో మూలాపేట తీసుకెళ్లాలి. గుడికి, ఆ పాత వీధికి. పాత ఇల్లు పడగొట్టి ఉంటే అది కూడా ఇద్దరూ కలిసి చూడనివ్వండి. వచ్చే దారిలో 22 లక్షల మాట ఆయనే ఎత్తాలి. ఒక్కసారిగా ఇవ్వలేరు, లోన్ ఉంది, నాకు తెలుసు. నెలకింత అని ఆవిడ పేరు మీద బ్యాంకులో వేయడమో, ఇంట్లో ఆవిడ వాటా కాగితం మీద రాయించడమో వాళ్లిద్దరే తేల్చుకుంటారు. ఆవిడ బహుశా ‘నాకెందుకురా అబ్బయా’ అంటుంది. అన్నా సరే చేయాలి. అంత వరకూ ‘మీ ఇల్లు’ అనే మాట ఆగదు.

కావలి సంగతి. ఆవిడే ‘పది రోజులు అమ్మాయి దగ్గర ఉండొస్తా’ అంటే వెళ్లనివ్వండి, అది అత్తారింటికి వెళ్లిన కూతుర్ని చూడటానికి వెళ్లే తల్లి ప్రయాణం. అప్పుడు మీ ఆయన సెలవు పెట్టి తనే దింపి, తనే తీసుకురావాలి. మీరు పంపడం అనే మాట మాత్రం ఇక ఎత్తకండి.

ఒక్కటి చివరగా. ఇది ఆయనకి చదివి వినిపించకండి, ‘మేడమ్ ఇలా అన్నారు’ అని కూడా చెప్పకండి. అదీ మళ్లీ రాయబారమే. ఫోన్ ఆయన చేతికిచ్చి మీరు లేచి వెళ్లిపోండి.