మంగు మచ్చలకు పక్కింటి ట్యూబు

ప్రశ్న: డాక్టరు గారూ, నా వయసు 46. ప్రభుత్వ పాఠశాలలో పనిచేస్తున్నాను. నాలుగేళ్లుగా రెండు బుగ్గల మీద, ముక్కు మీద మంగు మచ్చలు ఉన్నాయి. పక్కింటావిడ చెబితే మందుల షాపులో ఒక ట్యూబు కొని రాశాను. మొదటి నెల ముఖం నిగనిగలాడింది. బడిలో అందరూ ఏం రాస్తున్నారని అడిగేవారు. ఏడాదిన్నరగా అదే వాడుతున్నాను. ఇప్పుడు రెండు రోజులు మానేస్తే చాలు, ముఖం ఎర్రబడి మండుతోంది. గడ్డం మీద నూగు వస్తోంది. మచ్చలు మునుపటి కంటే ముదురుగా ఉన్నాయి. మా అత్తగారేమో ఇది మంగు శని, ఏలినాటి శని పోతేగాని పోదంటున్నారు. – తెనాలి పాఠకురాలు

జవాబు: ఓపిక పట్టాలనే విషయంలో నేను మీ అత్తగారి పక్షమే. అయితే ఏడున్నరేళ్లు అక్కర్లేదు.

మా రెండో అమ్మాయి కడుపులో ఉన్నప్పుడు నాకూ ఇవే మచ్చలు వచ్చాయి. అప్పటికే నేను చర్మవైద్యంలో పీజీ పూర్తిచేశాను. అయినా మా అమ్మ రోజూ సానరాయి మీద జాజికాయ అరగదీసి, వేలితో తీసుకుని నా వెంట పడేది. వద్దంటే చిన్నబుచ్చుకుంటుందని రాయించుకునేదాన్ని. కాన్పయిన ఏడాదికి మచ్చలు చాలావరకు పలచబడ్డాయి. గర్భంతో వచ్చిన మంగు కొందరిలో అలా దానంతటదే తగ్గుతుంది. మా ఇంట్లో మాత్రం ఆ పేరు జాజికాయకే దక్కింది.

మంగుకు ఎండ ఒక్కటే కారణం కాదు. హార్మోన్లు, గర్భనిరోధక మాత్రలు, తల్లి వైపు నుంచో తండ్రి వైపు నుంచో వచ్చే స్వభావం, ఇవన్నీ కలిసి రంగు తయారుచేసే కణాలను రెచ్చగొడతాయి. ఒకసారి రెచ్చిన కణం కాస్త ఎండ తగిలినా మళ్లీ పని మొదలుపెడుతుంది. అందుకే తగ్గిన మచ్చ వేసవి రాగానే తిరిగి కనిపిస్తుంది. తలకు రంగు వేసుకుంటున్నట్లయితే ఆ సంగతి కూడా డాక్టరుకు చెప్పండి. నుదుటి అంచున, చెంపల పక్కన వచ్చే నలుపు కొందరిలో మంగు కాదు, ఆ రంగు పడకపోవడం.

ఇక ట్యూబు. దాని పేరు మీరు రాయలేదు, నాకు అవసరమూ లేదు. మీరు చెప్పిన లక్షణాలను బట్టి అందులో స్టెరాయిడ్ ఉందనే అనుకుంటున్నాను. ఇలాంటి ట్యూబుల్లో సాధారణంగా మూడు మందులు ఉంటాయి: హైడ్రోక్వినోన్, ట్రెటినాయిన్, ఒక స్టెరాయిడ్. ఈ మూడింటినీ కలపడం 1975లో అమెరికాలో క్లిగ్‌మన్, విల్లిస్ అనే వైద్యులు ప్రచురించిన పద్ధతి. మంచి మందే. నేనూ చీటీలో రాసిస్తాను, ఎనిమిది నుంచి పన్నెండు వారాలకు, మధ్యలో పిలిచి చూస్తూ. ఏడాదిన్నర రాస్తే ఆ స్టెరాయిడ్ చర్మాన్ని ఉల్లిపొరలా చేస్తుంది. సన్నని ఎర్ర నరాలు తేలతాయి, మొటిమలు, నూగు వస్తాయి. మానగానే మంట. ఆ మంటకు భయపడి మళ్లీ రాస్తారు. హైడ్రోక్వినోన్ ఏళ్ల తరబడి వాడినవాళ్లలో నీలి నలుపు మచ్చలు రావడం నేను చూశాను. మంగు కంటే అవి మొండివి. 2018లో కేంద్ర ప్రభుత్వం 14 రకాల స్టెరాయిడ్ క్రీములను షెడ్యూల్ హెచ్‌లో చేర్చింది. అంటే డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదు. మీకు ఎవరూ చీటీ అడగలేదు కదా!

ఆ ట్యూబును మీ అంతట మీరు ఒక్కసారిగా ఆపవద్దు, కొత్తది కొనవద్దు. ఈ వారంలోనే చర్మవైద్యులను కలవండి. మెల్లగా తగ్గిస్తూ మాన్పిస్తారు. కొన్ని నెలలపాటు ముఖానికి మెత్తని సబ్బు, మాయిశ్చరైజర్, సన్‌స్క్రీన్ తప్ప ఏమీ ఉండదు. ఆ రోజుల్లో అద్దం చూస్తే బాధగానే ఉంటుంది. చర్మం కోలుకున్నాక మచ్చకు అజెలాయిక్ ఆమ్లం వంటివి మొదలుపెట్టవచ్చు. నిమ్మకాయ రుద్దవద్దు, ఆ రసంతో ఎండలోకి వెళితే కాలిన మచ్చలు పడతాయి. లేజరుతో ఒక్కరోజులో పోగొడతామన్న ప్రకటన చూసి డబ్బు కట్టవద్దు. మన ఛాయ చర్మంలో లేజరు వేడికి మంగు ఇంకా ముదరవచ్చు.

సన్‌స్క్రీన్ మనవాళ్లు శనగగింజంత తీసి ముఖమంతా సర్దుతారు. చూపుడు వేలు, మధ్య వేలు చాపి, రెండింటి మీదా మొదలు నుంచి కొస దాకా గీతలుగా పిండండి. ముఖానికి, మెడకు కలిపి అంత కావాలి. ఎస్‌పీఎఫ్ 30కి తగ్గకుండా, పీఏ+++ అని ఉన్నది తీసుకోండి. ఐరన్ ఆక్సైడ్ కలిపిన లేతరంగుదైతే మంగుకు మరీ మేలు, మామూలు వెలుతురును కూడా కొంత ఆపుతుంది. ఉదయం ప్రార్థనకు మైదానంలో నిలబడటానికి ఇరవై నిమిషాల ముందు ఒకసారి, మధ్యాహ్నం భోజనాల గంటకు ఇంకోసారి. బడికి నడిచి వెళ్లేటప్పుడు గొడుగు.

ప్రశ్న: వయసు 61. ముప్పై ఏళ్లు బస్సు నడిపి రిటైరయ్యాను. కుడి ముంజేయి నిండా గోధుమ రంగు చుక్కలు, కుడి చెంప ఎడమదానికంటే ముడతలుగా, నల్లగా ఉంది. అమెరికాలో ఉన్న మా అబ్బాయి వీడియో కాల్‌లో చూసి క్యాన్సరేమో చూపించుకోమంటున్నాడు. – కరీంనగర్ పాఠకుడు

జవాబు: చొక్కా చేయి పైకి మడిచి, చంక దగ్గరి చర్మాన్ని, ముంజేతి చర్మాన్ని పక్కపక్కన పెట్టి చూడండి. రెండింటికీ 61 ఏళ్లే. వయసు తెచ్చిన మార్పు చంక దగ్గర ఉన్నంతే. మిగతాదంతా ఎండ పని.

మన బస్సుల్లో డ్రైవరు సీటు కుడివైపు, కిటికీ ఆ పక్కనే. అద్దం దించితే ఎండ నేరుగా పడుతుంది. వేసినా, చర్మం లోతుకు దిగి, దాన్ని బిగువుగా ఉంచే కొల్లాజెన్‌ను దెబ్బతీసే యూవీఏ కిరణాలు మామూలు అద్దం గుండా వచ్చేస్తాయి. ఎడమవైపు కూర్చుని 28 ఏళ్లు ట్రక్కు నడిపిన ఒక అమెరికా డ్రైవరు ఫొటోను 2012లో అక్కడి ప్రసిద్ధ వైద్యపత్రిక ప్రచురించింది. ఎడమ చెంప పదేళ్లు, ఇరవయ్యేళ్లు పెద్దవాడిదిలా ఉంటుంది. మీది ఆ ఫొటోకు అద్దంలో ప్రతిబింబం.

మీ అబ్బాయి భయానికి కారణం ఉంది. అక్కడి తెల్లవారిలో చర్మ క్యాన్సర్ చాలా ఎక్కువ. మనలో తక్కువ. చదునుగా, ఏళ్లుగా ఒకేలా ఉన్న గోధుమ చుక్కలు హాని చేయవు. నెల దాటినా మానని పుండు, ముట్టుకుంటే రక్తం కారే మచ్చ, కొద్ది నెలల్లో పెరిగిన లేదా అంచులు, రంగు మారిన మచ్చ ఉంటే ఆలస్యం చేయవద్దు. అరికాలు, గోరు కింద కూడా చూసుకోండి. మన ఛాయవాళ్లలో ప్రమాదకరమైన నల్ల మచ్చ తరచుగా వచ్చేది అక్కడే, ఎవరూ చూడనిదీ అక్కడే. ఒకసారి చూపించుకుంటే మీ అబ్బాయికీ నిద్రపడుతుంది.

ప్రశ్న: మెడ చుట్టూ చిన్న చిన్న పులిపిర్లు. వెంట్రుకతో కట్టేయమంటున్నారు, సున్నం పెట్టమంటున్నారు. ఏది మంచిది? – అనకాపల్లి పాఠకురాలు

జవాబు: రెండూ వద్దు. వెంట్రుక కడితే చీము పట్టవచ్చు. సున్నం పెడితే పులిపిరి పోయి కాలిన మచ్చ మిగులుతుంది, ఆ మచ్చకు మందు కోసం మళ్లీ నాకే ఉత్తరం రాయాల్సి వస్తుంది. మత్తు క్రీము రాసి, చిన్న కరెంటు సూదితో ఒక్క పూటలో తీసేస్తారు. మెడ వెనక చర్మం కూడా నల్లగా, దళసరిగా ఉంటే పరగడుపున షుగరు పరీక్ష చేయించుకుని ఆ కాగితంతో వెళ్లండి.